జాబితాకెక్కని బంధం

పదకొండవ తరగతి రసాయనశాస్త్రంలో మన పిల్లలు కంఠస్థం చేసే నియమం ఒకటి ఉన్నది. హైడ్రోజన్ తన సొంత అణువులో ఫ్లోరిన్, ఆక్సిజన్, నైట్రోజన్‌లలో ఒకదానిని అంటిపెట్టుకొని ఉన్నప్పుడే పక్క అణువుతో హైడ్రోజన్ బంధం ఏర్పడుతుందట. పిక్కిలిలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో వేరొక భాషలో చదివే బిడ్డ ఈ మూడు పేర్లను మారుమాట లేకుండా అప్పజెప్పవలసిందే. న్యాయవాదిగా నా అభ్యంతరం ఒక్కటే: ఈ జాబితా సాక్ష్యానికి నిలవదు.

ముందుగా నియమం సరిపోయే చోటు చూద్దాం. ఆర్థో-నైట్రోఫినాల్ సుమారు 45 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పారా-నైట్రోఫినాల్ సుమారు 114 డిగ్రీల దాకా ఆగుతుంది. రెండింటిలోనూ ఉన్న పరమాణువులు అవే, అన్నే. మొదటిదానిలో హైడ్రాక్సిల్ పక్కనే ఉన్న నైట్రో సమూహంతో తనలో తానే బంధం వేసుకొంటుంది. రెండవదానిలో ఆ చేయి పొరుగు అణువుకు అందుతుంది. స్ఫటికమంతా గొలుసుగా నిలుస్తుంది.

ఇక ట్రైనైట్రోబెంజీన్‌ను చూడండి. వలయం మీద మూడు నైట్రో సమూహాలు, వాటి నడుమ కర్బనానికి అంటిన మూడు హైడ్రోజన్‌లు. నియమం ప్రకారం ఇక్కడ బంధానికి హక్కున్న హైడ్రోజన్ ఒక్కటీ లేదు. కాని నైట్రో సమూహాలు ఎలక్ట్రాన్‌లను తమవైపు లాగివేయడం వల్ల ఆ హైడ్రోజన్‌లు ధనావేశం వైపు మొగ్గుతాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో గౌతమ్ ఆర్. దేశిరాజు బృందం ఈ పదార్థాన్ని డైబెంజిలిడీన్ ఎసిటోన్‌తో కలిపి స్ఫటికాలు తీసి, సి–హెచ్…ఓ బంధాలే అణువులను పేర్చాయని 1993లో ప్రకటించింది.

ఈ వాదం అప్పటికి మూడు దశాబ్దాల నాటిది. న్యూజిలాండ్‌లో పుట్టిన జూన్ సూటర్ 1962లోనే స్ఫటికాలలోని దూరాలు చూపి, ఇది హైడ్రోజన్ బంధమేనన్నది. 1968లో జెర్రీ డోనహ్యూ కాదన్నాడు. పెద్దవాడి మాట చెల్లింది. ఎక్స్-కిరణాలకు హైడ్రోజన్ సరిగా కనబడదు, న్యూట్రాన్‌లకు కనబడుతుంది. 1982లో టేలర్, ఓల్గా కెన్నార్డ్ న్యూట్రాన్‌లతో తేల్చిన 113 స్ఫటిక నిర్మాణాలను పరిశీలించి సూటర్ పక్షాన నిలిచారు. డోనహ్యూ తన వ్యాసంలో వేసిన 'ఏమిటది?' అన్న ప్రశ్ననే దేశిరాజు 1991లో తన వ్యాసానికి శీర్షికగా తగిలించాడు. ఆ చమత్కారం నాకు మహా ఇష్టం.

"బలహీనమైన బంధం గదా, లెక్కలోకి తీసుకోనేల?" అంటారు. బలహీనమే, ఎవరు కాదన్నారు? మామూలు ఓ–హెచ్…ఓ బంధానికి మోల్‌కు సుమారు అయిదు కిలోకాలరీలుంటే దీనికి ఒకటి రెండే. అయితే బలం తక్కువని ఉనికినే కొట్టివేయడం ఏ శాస్త్రం? స్ఫటికంలో ఇటువంటివి వేనవేలు కలిసి పనిచేస్తాయి. బెంగళూరు శాస్త్రవేత్త ఇ. అరుణన్ అధ్యక్షతన పనిచేసిన అంతర్జాతీయ బృందం 2011లో నిర్వచనాన్నే మార్చింది: హైడ్రోజన్‌ను అంటిన పరమాణువుకు హైడ్రోజన్ కంటే ఋణవిద్యుదాత్మకత ఎక్కువైతే చాలు. కర్బనానిది 2.55, హైడ్రోజన్‌ది 2.20. ఇంకా మూడు పేర్లే వల్లె వేయించడం దేనికి?

తల్లిదండ్రులారా, ట్రైనైట్రోబెంజీన్ బొమ్మ గీయించి, ఇందులో హైడ్రోజన్ బంధానికి తావున్నదా అని మీ బిడ్డను తెలుగులోనే అడగండి. పరీక్షలో మాత్రం ఆ మూడు పేర్లే వ్రాయనివ్వండి. పుస్తకం మారేదాకా మార్కులు పోగొట్టుకొమ్మని నేను చెప్పను.