వ్యాయామానికి ఏ బట్టలు?

షుగరు, బి.పి. ఉన్నవారిని రోజూ అరగంట నడవమని డాక్టర్లు చెబుతున్నారు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు వడిగా నడవాలనీ, పిల్లలు రోజుకు గంటసేపైనా ఒళ్లు అలిసేలా ఆడుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మగవారు లుంగీ మార్చి ప్యాంటు వేసుకొని బయలుదేరుతారు. మన సహోదరీలు మాత్రం “చీరతో ఎలా నడిచేది? డ్రెస్సు వేసుకుంటే ఊళ్లో ఏమనుకుంటారో” అని ఆగిపోతుంటారు. ఈడు వచ్చిన ఆడపిల్లలూ ఇదే కారణంగా ఆటలు మానేస్తుంటారు. బట్టలు చిన్న విషయమే గాని, వాటి మూలంగా ఆరోగ్యం పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. అందుచేత ఈ నెల ఈ సంగతి మనవి చేస్తున్నాము.

మొదట చెమట సంగతి. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి వదులుగా, గాలి ఆడేటట్లుండే పలుచని బట్ట మేలు. నడకకు నూలు బట్ట చాలు. కాని నూలు చెమటను పీల్చుకొని త్వరగా ఆరదు. చాలాసేపు పరుగెత్తే పిల్లలకు ఆటలకని నేసిన తేలికపాటి పాలియెస్టర్ బనియన్లు అనుకూలం. ఏది వేసుకున్నా ఆట కాగానే స్నానం చేసి మార్చుకోవాలి. తడిబట్టలతో ఉండిపోతే గజ్జలలో తామర పట్టుకుంటుంది. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ఆడవారి లోదుస్తులను సిగ్గుపడి చీరల చాటున ఆరవేయడం మన ఇళ్లలో ఉన్నదే. అవి ఎండలో బాగా ఆరాలి.

నడకకు చీర అడ్డు కాదు. కుచ్చెళ్లు చీలమండకు కాస్త పైకి కట్టి, పైట నడుముకు దోపుకుంటే చాలు. పరుగుకు, సైకిలుకు పంజాబీ డ్రెస్సు మేలు. చున్నీని వేలాడనీయక నడుముకు ముడి వేయాలి. అది చక్రంలో చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. ఎదిగే అమ్మాయికి సరిగ్గా పట్టి ఉంచే లోదుస్తులు కొనిపెట్టండి. అవి లేక పరుగెత్తడానికి సిగ్గుపడే పిల్లలు ఉన్నారు.

షుగరు ఉన్నవారు వట్టి కాళ్లతో నడవకూడదు. పాదాలకు స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వేళ్లను నొక్కని బూట్లు, నూలు మేజోళ్లు వేసుకొని, ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి. వేకువనే రోడ్డు మీద నడిచేవారు తెల్లని బట్టలు వేసుకొని, వాహనాలకు ఎదురుగా ఉండే పక్కన నడవాలి.

బరువు తగ్గుతారని చెప్పి అమ్మే ప్లాస్టిక్, రబ్బరు సూట్ల జోలికి పోవద్దు. వాటివల్ల తగ్గేది ఒంట్లోని నీరే, కొవ్వు కాదు. చెమట ఆరే దారి లేక వేడి లోపలే నిలిచిపోతుంది. 1997లో అమెరికాలో త్వరగా బరువు తగ్గాలని ఇటువంటి సూట్లు తొడుక్కొని కసరత్తు చేసిన ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు 33 రోజుల వ్యవధిలో చనిపోయారు. 1998లో అక్కడి కళాశాలల కుస్తీ పోటీలకు వాటిని నిషేధించారు.

ఇక మర్యాద మాట. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ ఆటకే 2011లో అంతర్జాతీయ సమాఖ్య ఒళ్లంతా కప్పే దుస్తులను అనుమతించింది. ప్రపంచ పోటీలలోనే నిండుగా కప్పుకొని బరువులెత్తే వీలుండగా, మన ఊరి బడిలో బట్టల పేరు చెప్పి ఆడపిల్లను ఆట మాన్పించడం న్యాయం కాదు. ఏది వేసుకుంటే ఇబ్బంది లేకుండా ఆడగలదో అమ్మాయినే అడగండి.

క్రిస్మస్‌కు పిల్లలకు కొత్త బట్టలు తీయడం మన అలవాటు. ఈసారి ఆ ఖర్చులోనే అమ్మాయికి ఒక జత ఆట బట్టలు, అమ్మకు ఒక జత బూట్లు కూడా తీయండి.