ఇది రీఇష్యూ కాదు, దిద్దుబాటు

డెత్ బ్యాండ్ 'హ్యూమన్' ఆల్బమ్ 1991లో వచ్చింది. బ్యాండ్‌కి ప్రాణమైన చక్ షుల్డినర్ 2001లో పోయాడు. ఇంకో పదేళ్లకి రిలాప్స్ రికార్డ్స్ ఆల్బమ్‌ని జిమ్ మోరిస్ చేత కొత్తగా మిక్స్ చేయించి వదిలింది. వైనిల్ మీదా అదే మిక్స్. స్టీవ్ డి జార్జియో బేస్ ఇప్పుడెంత బాగా వినిపిస్తోందో అని మురిసిపోయారు చాలామంది. నిజమే, వినిపిస్తోంది. అయితే ఏంటట?

బేస్‌ని మింగేసే ఆ గిటార్ల హోరుకి స్కాట్ బర్న్స్‌తో పాటు ప్రొడ్యూసర్‌గా తన పేరు పెట్టుకున్నది చక్. ఇప్పుడు వద్దనడానికి ఆయన లేడు. కొత్త మిక్స్ చేసుకోండి, కాదనను. పాతదాని పక్కన ఇంకో డిస్క్‌గా ఇవ్వండి. పాతదాన్ని తప్పించి, అదే పేరుతో అమ్మడమే తప్పు. పోయిన కవి పద్యాన్ని 'మెరుగుపరిచి' ఆయన పేరుతోనే అచ్చేస్తే ఊరుకుంటామా?