కరువు పేరు చెప్పి లాక్కున్న పన్ను

1876–78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను ఎలా ఊడ్చిపెట్టిందో తెలుసుకోవాలంటే జనాభా లెక్కలు చాలు. 1871లో తొమ్మిది లక్షల 14 వేల మంది ఉన్న జిల్లాలో పదేళ్లకు మిగిలింది ఆరు లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరు లేరు. మార్కాపురం, కంభం అప్పుడు ఆ జిల్లా తాలూకాలే. కరువు పనుల్లో మగ కూలీకి సర్కారు కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అర కిలో కూడా లేదు. దాంతో మనిషి పనిచేసి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. గింజలు తూచి ఇచ్చిన ఆ సర్కారే 1878లో, ముందుముందు వచ్చే కరువులకు నిధి కావాలంటూ వ్యాపారుల మీద లైసెన్స్ పన్ను వేసింది. ఉత్తరాదిన భూమి మీద సెస్సు కూడా వేసింది. ఏటా కోటిన్నర రూపాయలు కరువు కోసం పక్కన పెడతామన్నది మాట.

ఆ పన్నుకు ఎదురు తిరిగినవాళ్లను పేదల శత్రువులుగా చూపడం తేలిక. సూరత్‌లో వర్తకులు అంగళ్లు మూసేశారు, అల్లర్లయ్యాయి, పోలీసులు కాల్పులు జరిపారు. కరువులో గింజలు దాచి ధర పెంచినవాళ్ల నుంచి కాస్త కక్కిస్తే తప్పేమిటని ఎవరైనా అడగవచ్చు. నిజమే, దాచినవాళ్లున్నారు. కానీ ఏడాదికి వంద రూపాయలు సంపాదించే చిల్లర కొట్టువాడి మెడకూ ఈ పన్ను చుట్టుకుంది. నెలనెలా జీతం అందుకునే కలెక్టరుకు, ఫీజులు గడించే వకీలుకు మాత్రం అంటలేదు. 1880లో ఐదు వందల లోపు ఆదాయాన్ని వదిలేశారు. జీతగాళ్లను కలుపుకోవడానికి 1886 ఆదాయపు పన్ను చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. గొడవ చేసినవాళ్ల మాటలో పస ఉందని సర్కారు తన సవరణలతోనే ఒప్పుకుందన్నమాట.

అసలు దెబ్బ వేరే. 1878 చివర్లో అఫ్గాన్ యుద్ధం మొదలైంది. ఆ ఖర్చు మీద పడి మరుసటి ఏడాదికల్లా కరువు నిధి లేనట్టే అయింది, పన్ను మాత్రం ఆగలేదు. ఖజానా అంటే ఒకటే సంచి, ఏ రూపాయి ఎటు పోయిందని గీతలు గీయలేమని ఆర్థికవేత్తలు అంటారు. అలాగైతే కరువు పేరు చెప్పి అడగకూడదు. పేరు పెట్టి తీసుకున్నాక లెక్క కూడా ఆ పేరుతోనే చెప్పాలి. 1881 తర్వాత ఆ పద్దు మళ్లీ తెరుచుకున్న మాట కాదనను. నల్లమలను తొలిచి గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా బెజవాడకు వేసిన బళ్లారి–కృష్ణా రైలు దారి కరువు రక్షణ మార్గంగా వచ్చిందే. పనైతే జరిగింది. జరగని ఏళ్లలో అడగడానికి మాత్రం ఇక్కడివాళ్లకు చోటు లేకపోయింది.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో సంగతి వేరు. అక్కడ పేదల పన్ను కట్టేవాడికి దాన్ని ఖర్చుపెట్టే గార్డియన్లను ఎన్నుకునే ఓటుండేది. 1849లో ఐర్లాండ్ పశ్చిమాన కరువుతో దివాలా తీసిన పేదల సాయ యూనియన్ల కోసం ఐర్లాండ్ అంతటా అదనపు పన్ను వేస్తే, మేమూ ఒకే రాజ్యంలో ఉన్నాం కదా, ఇంగ్లండ్ ఎందుకు కట్టదని ఉత్తరాన అల్‌స్టర్ జనం లేచారు. ఆ వాదనలో స్వార్థం లేకపోలేదు. అయినా వాదించే వేదిక వాళ్లకుండేది. మన దగ్గర 1880 కరువు కమిషన్ అలాంటి పేదల చట్టమే వద్దంది. కరువులో సాయం హక్కని ఒప్పుకుంటే మామూలు రోజుల్లోనూ హక్కంటారని దాని భయం. తినేవాడికి హక్కు లేదు, కట్టేవాడికి లెక్క లేదు. కట్టేవాడు నిలదీస్తే పేదవాడికి నష్టమని భయపడేవాళ్లు ఈ రెండూ కలిసే పోయాయన్నది గమనించరు.

ఆ జబ్బు తెల్లవాళ్లతో పోలేదు. 2018–19లో కేంద్రం వసూలు చేసిన సెస్సులు, ఇతర లెవీల్లో సుమారు రెండు లక్షల 74 వేల కోట్లకు గాను, వాటికి కేటాయించిన నిధులకు చేరింది లక్షా 64 వేల కోట్లేనని కాగ్ తేల్చింది. అంత దూరం పోనక్కర్లేదు. మన ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా ఈసారి పన్ను కట్టినప్పుడు రసీదులో ఆ వరుస చూడండి. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు జమైందా లేదా అని మున్సిపాలిటీని రాతపూర్వకంగా అడగండి.