ఫ్రెంచి బుడగల సీసా: పేరుకెంత, సరుకుకెంత?

పోయిన నెల ఈ పేజీలో చలికాలంలో ఇడ్లీపిండి పులియబెట్టడం గురించి వ్రాశాము. అది చదివి ఒక సభ్యురాలు ఫోను చేశారు. "డాక్టరు గారూ, పిండి సంగతి బాగానే ఉంది గాని, మా వారికి ప్రమోషను వచ్చింది. ఆఫీసు వాళ్ళను నలుగురిని భోజనానికి పిలిచాం. షాంపేను పెట్టాలంటున్నారు. మాకా ముక్క తెలియదు. ఎనభై డాలర్లు పెట్టాల్సిందేనా?" అని అడిగారు. అక్కరలేదని అప్పుడే చెప్పాము. ఎందుకు అక్కరలేదో ఈ నెల వ్రాస్తున్నాము. తాగని వారు పేజీ తిప్పేయకండి. మన ఇళ్ళలో ఇలాంటి సీసా కొనేది ఎక్కువగా తాగని వారే!

మా సొంత కథతోనే మొదలుపెడతాము. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. ముగించి ఆంటారియో చేరాక, ఇక్కడి పరీక్షలు వ్రాసి రెసిడెన్సీ సీటు కోసం నాలుగేళ్ళు ఎదురుచూశాము. రాత్రిళ్ళు ఒక గిడ్డంగి దగ్గర కాపలా ఉద్యోగం. పగటిపూట ఒక పెద్ద డాక్టరు గారు తన క్లినిక్కులో ఓ మూల నిలబడి చూడనిచ్చేవారు. సీటు వచ్చిన వారం ఆయన మమ్మల్ని దంపతులిద్దరినీ భోజనానికి పిలిచారు. వట్టి చేతులతో ఎలా వెళ్ళడం? ఎప్పుడో సినిమాలో చూసిన పేరు గల షాంపేను సీసా ఒకటి 89 డాలర్లు పెట్టి కొన్నాము. పన్నులు పోగా మా చేతికొచ్చే ఒక రాత్రి జీతం దాదాపు అంతే.

ఆ సీసా కారు వెనక సీట్లో గంటసేపు దొర్లింది. వెళ్ళగానే ఉత్సాహం కొద్దీ బిరడా మేమే ఊడదీశాము. అది ఢామ్మని ఇంటికప్పుకు తగిలింది. మూడో వంతు వారి బల్లమీది గుడ్డ తాగేసింది. ఆ దంపతులు నవ్వి, తుడిచి, మిగిలింది అందరికీ పోశారు. కాసేపటికి ఆయన భార్య ఫ్రిజ్‌లోంచి మరొక సీసా తీసి, "మేము ఇంట్లో తాగేది ఇదే, పాతిక డాలర్లు" అన్నారు. దానిమీద షాంపేన్ అని లేదు, క్రేమాన్ అని ఉంది. ఎవరి సరసన నిలబడాలని మేము ఒక రాత్రి జీతం తగలేశామో, వారు తాగేది పాతిక డాలర్ల సరుకు!

ఆ రోజు మొదలు ఈ సీసాల సంగతి కొంత తెలుసుకున్నాము. షాంపేన్ అనేది ఒక ప్రాంతం పేరు. పారిస్‌కు తూర్పున ఉంది. అక్కడ పండిన ద్రాక్షతో, అక్కడే, నిర్ణయించిన పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. మన బందరు లడ్డు, బనగానపల్లె మామిడి, వెంకటగిరి చీర లాంటిదన్నమాట. ఒకప్పుడు కెనడాలోని కంపెనీలు ఇక్కడి వైనునే 'కెనేడియన్ షాంపేన్' అని అమ్మేవి. ఫ్రెంచివారు దావా వేశారు గాని 1987లో ఆంటారియో కోర్టు కంపెనీల పక్షానే తీర్పు చెప్పింది. చివరకు 2003లో కెనడాకు, యూరోపియన్ యూనియన్‌కు కుదిరిన ఒప్పందం వల్ల 2013 ఆఖరుతో ఆ వాడుక ఆగిపోయింది. కనుక ఇప్పుడు దుకాణంలో షాంపేన్ అని ఉంటే అది అక్కడిదే. పేరులో మోసం లేదు. కాని మనమిచ్చే ధరలో ఆ పేరుకు కూడా వాటా ఉంటుంది.

ఇక సరుకు సంగతి. ముందు మామూలు వైను చేస్తారు. దానికి కొంచెం పంచదార, ఈస్టు కలిపి సీసాలో పోసి మూత బిగిస్తారు. ఈస్టు పంచదారను తిని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. మన ఇడ్లీపిండి పొంగేదీ ఆ వాయువు వల్లనే. అయితే గిన్నె మూత లేస్తుంది, సీసా మూత లేవదు. వాయువు పోయే దారిలేక వైనులోనే కరిగి ఉండిపోతుంది. అడుగున చేరిన ఈస్టు మడ్డి మీద వైను నెలల తరబడి నిలవ ఉంటే కాల్చిన రొట్టె లాంటి సువాసన వస్తుంది. తరువాత సీసాను క్రమంగా తలకిందులు చేసి మడ్డిని మెడలోకి దింపి, బయటికి తీసేసి, ఆ వెలితిని కొంచెం తీపి కలిపిన వైనుతో నింపి బిరడా వేస్తారు. ఇది సాంప్రదాయ పద్ధతి. ఇదికాక పెద్ద తొట్లలో పులియబెట్టి ఆపైన సీసాల్లో నింపే పద్ధతి ఒకటి, గోలీసోడా లాగ వాయువును బయటినుండి ఎక్కించే పద్ధతి మరొకటి ఉన్నాయి. ఆ వరుసలోనే ఖర్చూ తగ్గుతుంది.

క్రేమాన్ అంటే షాంపేన్ ప్రాంతానికి బయట, అదే సాంప్రదాయ పద్ధతిలో చేసిన ఫ్రెంచి వైను. సీసా మీద సి-ఆర్-ఇ-ఎమ్-ఎ-ఎన్-టి అని ఉంటుంది. చివరి 'టి' పలకరు. దీనికీ చట్టం గట్టిదే. ద్రాక్ష చేత్తోనే కోయాలి. 150 కిలోల ద్రాక్షనుండి 100 లీటర్లకు మించి రసం పిండరాదు. మడ్డి మీద కనీసం 9 నెలలు ఉంచాలి. షాంపేను సీసాలో కనీసం 15 నెలలు ఉండాలి, పంట సంవత్సరం అచ్చువేసినదైతే మూడేళ్ళు. తేడా అసలు లేదని మేము అనము. నేల వేరు, నిలవ కాలం వేరు. కాని ఆ తేడా కనిపెట్టగల నాలుక మాకు లేదు. మనలో చాలామందికి లేదనే మా అనుమానం.

ఫ్రాన్సులో క్రేమాన్ అని అమ్మదగిన ప్రాంతాలు ఎనిమిది. అందులో నాలుగు గుర్తుంచుకుంటే చాలు. లువార్, బుర్గోన్య్ ప్రాంతాలకు ఈ పేరు 1975లోను, అల్జాస్‌కు 1976లోను దక్కింది. బుర్గోన్య్‌లో వాడే ముఖ్యమైన ద్రాక్షలు షార్దొనే, పీనో న్వార్. షాంపేనులోనూ ఇవే ముఖ్యం కనుక రుచిలో దానికి దగ్గరగా వస్తుంది. అల్జాస్‌ది ఎక్కువగా పీనో బ్లాన్ రకంతో చేస్తారు, తేలికగా ఉంటుంది. లువార్‌లో షెనాన్ బ్లాన్ ద్రాక్ష ముఖ్యం, పులుపు చురుక్కుమంటుంది. దక్షిణాన ఉన్న లిమూ వారికి క్రేమాన్ పేరు 1990లో వచ్చింది. 1531 నాటికే తమ దగ్గరి మఠంలో సన్యాసులు బుడగల వైను చేసేవారని వారు గర్వంగా చెప్పుకుంటారు. ఈ నాలుగూ మేము ఇరవై, ముప్పై అయిదు డాలర్ల మధ్యనే కొన్నాము.

ఇప్పుడు సీసా చదవడం. మొదట క్రేమాన్ అన్న మాటో, 'మెథోడ్ ట్రెడిసియొనెల్' అన్న మాటో ఉందా చూడండి. 'గాజెఇఫియె' అని ఉంటే అది వాయువు ఎక్కించిన రకం, వదిలేయండి. రెండోది తీపి. 'బ్రూట్' అంటే లీటరుకు 12 గ్రాములలోపు పంచదార. 'ఎక్స్‌ట్రా డ్రై' అన్న మాట చూసి మేము ఒకసారి బోల్తా పడ్డాము. దానిలో 12 నుండి 17 గ్రాములు ఉంటుంది, అంటే బ్రూట్ కంటె తీపి! 'డెమి-సెక్' అయితే 32 నుండి 50 గ్రాములు. మధుమేహం ఉన్న సభ్యులు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి. గారెలు, జంతికలు, చేపల వేపుడు ఉంటే బ్రూట్ తీసుకోండి. బొబ్బట్ల పక్కన బ్రూట్ వట్టి పులుపుగా తోస్తుంది, అక్కడికి డెమి-సెక్ నయం. మిరపకాయ బజ్జీల మీద మాత్రం ఏ బుడగల వైనూ పోయకండి. మంట ఇంకా మండుతుంది.

ధర కోసం ఊరంతా తిరగనక్కరలేదు. మన ఆంటారియోలో ఎల్.సి.బి.ఒ. దుకాణాలన్నిటిలోను ఒక సీసాకు ఒకటే ధర. 1993లో ప్రైవేటు దుకాణాలకు అప్పగించిన ఆల్బెర్టాలో ఉన్న బంధువుల మాట వేరు, అక్కడ దుకాణానికొక ధర.

తెరవడం కూడా నేర్చుకోవాలి. ఆ సీసాలో అయిదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. మన కారు టైరులోని ఒత్తిడికి రెట్టింపు పైమాటే. బిరడా కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుచేత సీసాను కదపకుండా మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. తీగ వదులు చేసినప్పటినుండి బొటనవేలు బిరడా మీదనుండి తీయకండి. సీసాను వాల్చి, మనుషులు లేని వైపుకు తిప్పి పట్టుకుని, బిరడాను కదలనీయక సీసానే మెల్లగా తిప్పండి. ఢామ్మనకూడదు, నిట్టూర్చినట్టు 'ఉస్' అనాలి.

ఇక మిగిలినది మా అమ్మ మాట. అమ్మది నెల్లూరు జిల్లా మెట్టప్రాంతం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడి, ఆ నిప్పు జిల్లా అంతా పాకినప్పుడు, మమ్మల్ని చంకనేసుకుని సారా పాటలు ఆపడానికి వెళ్ళినవారిలో ఆమె ఒకరు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. మా అమ్మ మాత్రం సడలించలేదు.

ఈ వసంతంలో అమ్మ మా దగ్గర ఉంది. మాతోపాటు పరీక్షలు వ్రాసిన మిత్రుడికి ఇన్నాళ్ళకు సీటు వచ్చింది. అతడు వస్తున్నాడని క్రేమాన్ సీసా ఒకటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాము. అమ్మ పెరుగు కోసం తలుపు తీసింది.

"ఏందిరా అబ్బయా ఇది?"

ద్రాక్షరసం అని చెప్పబోయి, మా శ్రీమతి చూసిన చూపుకు నోరు మూసుకున్నాము. నిజమే చెప్పాము. అంతటితో ఊరుకోక, ఇది 24 డాలర్లేననీ, అప్పట్లో తెలియక ఒక రాత్రి జీతం పెట్టి 89 డాలర్ల సీసా కొన్నామనీ, ఇప్పుడు తెలివి వచ్చిందనీ గొప్పగా చెప్పుకున్నాము. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మా ఊళ్ళో మొగోళ్ళు చేసిందీ అదే గదరా. పగలంతా చేసిన కూలి సాయంత్రానికి సారా అంగట్లో పోసొచ్చేవోళ్ళు. నువ్వు రాత్రి కూలి పోసినావు. వాళ్ళు తాగనన్నా తాగినారు, నువ్వు గుడ్డకి పోసినావు."

దీనికి మా దగ్గర జవాబు లేదు. ఇరవైనాలుగు డాలర్లయితే తప్పు కాదా అని అడగలేదు. అడిగే ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం మిత్రుడు వచ్చాడు. సీసా 'ఉస్' అంది. ముగ్గురం తలా ఒక చిన్న గ్లాసు పోసుకున్నాము. అమ్మ లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోతుందనుకున్నాము. వెళ్ళలేదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుని, సీటు ఏ ఊళ్ళో వచ్చింది, జీతం ఎంత, ఇంటికి ఫోను చేసి చెప్పావా అని అతణ్ణి అడిగింది. నాలుగేళ్ళ తరువాత మొదటిసారి ఫోనులో నాన్న గొంతు విప్పి నవ్వాడని అతడు చెప్పినప్పుడు, అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఎవరి గ్లాసులో ఏముందో ఎవరమూ చూడలేదు.

ఫోను చేసిన సభ్యురాలికి మా సలహా ఇది. బుర్గోన్య్ గాని అల్జాస్ గాని, క్రేమాన్ బ్రూట్ ఒక్క సీసా కొనండి. 750 మిల్లీలీటర్లు ఆరేడుగురికి ఒక్కొక్క చిన్న గ్లాసు వస్తుంది, అంతే చాలు. వారానికి రెండు పానీయాలు దాటకుంటే అపాయం తక్కువని 2023లో కెనడా నిపుణులు చెప్పారు. ఒక పానీయమంటే 142 మిల్లీలీటర్ల వైను. అసలు తాగకపోతే ఇంకా మంచిదనీ వారే చెప్పారు, వైద్యులుగా మేమూ అదే చెబుతాము. తాగని వారికి, గర్భిణులకు, కారు నడిపేవారికి అవే గ్లాసుల్లో బుడగల ఆపిల్ రసం పోయండి. ఎందుకు తాగరని ఎవరినీ అడగకండి. మీకే ఇష్టం లేకపోతే మజ్జిగ పెట్టండి. ప్రమోషను ఇచ్చినవారు దాన్ని వెనక్కి తీసుకోరు.

అన్నట్టు, మిగిలిన సగం సీసా మర్నాటికి చప్పబడిపోయింది. సింకులో పారబోస్తుంటే అమ్మ పక్కనే నిలబడి చూసింది.

"పన్నెండు డాలర్లు" అంది.

వచ్చే నెల, ఇక్కడ దొరికే మామిడికాయల్లో ఆవకాయకు ఏవి పనికొస్తాయో అమ్మనడిగి వ్రాస్తాము.