డాన్స్ జడ్జీ మార్కు ఎత్తి చూపిస్తాడు, వైవా బోర్డు ఎందుకు చూపించదు?

సెప్టెంబర్ నుంచి క్రిస్మస్ దాకా బ్రిటన్‌లో శనివారం రాత్రంటే 'స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్'. నటులు, క్రికెటర్లు, న్యూస్ రీడర్లు తలా ఒక ప్రొఫెషనల్ డాన్సర్‌తో జతకట్టి వాల్ట్జ్, టాంగో, రుంబా, సాంబా నేర్చుకుని పోటీపడతారు. వారానికో జంట ఇంటికి వెళ్తుంది. ఆదివారం చూపించే ఫలితాన్ని శనివారం రాత్రే రికార్డు చేసేస్తారు కాబట్టి, ప్రసారానికి ముందే ఎవరు పోయారో బయటికి పొక్కుతుంది. ఇక వారమంతా ముచ్చట్లే. ఎవరి ప్రేమ చెడింది, ఏ జంట వీధిలో ముద్దుపెట్టుకుంటూ కెమెరాకి దొరికింది, రిహార్సల్లో ఎవరు ఏడ్చారు. 2004లో బీబీసీ మొదలుపెట్టిన ఈ ఫార్మాట్టే 2005లో అమెరికాకి 'డాన్సింగ్ విత్ ది స్టార్స్'గా, 2006లో మనకి 'ఝలక్ దిఖ్‌లా జా'గా వచ్చింది.

నేను ఈ గాసిప్ చదువుతాను. హాస్టల్లో జూనియర్లు నవ్వుతారు, నవ్వనీ. నా థీసిస్ ఎన్నికల పద్ధతుల మీద, అందులో మైనారిటీలకి దొరికే రక్షణల మీద. ఆ పని చేసేవాడికి, ప్రతి వారం ఓటింగ్ జరిగి, ప్రతి వారం దాని మీద తగువు నడిచే చోటు ఒకటి దొరికితే వదులుకోవడం కష్టం.

లెక్క ఇలా ఉంటుంది. జడ్జీలు నలుగురు, ఒక్కొక్కరి చేతిలో పది మార్కులు. ఆ మార్కుల వరసని పాయింట్లుగా మారుస్తారు. పదిహేను జంటలుంటే మొదటి జంటకి 15, చివరి జంటకి 1. ప్రేక్షకుల ఓట్లకీ అదే పద్ధతి. రెండూ కలిపితే అడుగున మిగిలిన రెండు జంటలు మళ్ళీ ఆడతాయి. అది డాన్స్-ఆఫ్. అక్కడ ఎవరిని ఉంచాలో జడ్జీలే తేలుస్తారు. ఈ డాన్స్-ఆఫ్‌ని 2007లో పెట్టారు, 2010లో తీసేశారు, 2012లో మళ్ళీ తెచ్చారు. ప్రజాభిప్రాయానికి ఎంత బరువివ్వాలి, దాని మీద ఎంత పట్టు ఉంచాలి అన్నది వాళ్ళకీ ఒక పట్టాన తేలలేదన్నమాట.

తేలకపోవడానికి కారణాలున్నాయి. 2008లో జాన్ సార్జెంట్ అనే రాజకీయ విలేకరికి జడ్జీలు అడుగు మార్కులు ఇస్తుంటే జనం ఓట్లేసి ప్రతి వారం నిలబెట్టారు. చివరికి గెలిచేస్తానేమోనన్న భయంతో ఆయనే తప్పుకున్నాడు. అదే ఏడాది సెమీఫైనల్లో ఇద్దరు మహిళలకి జడ్జీల మార్కులు సమానంగా వచ్చాయి. ఆ లెక్కలో మూడోవాడైన టామ్ చేంబర్స్‌కి జనం ఎన్ని ఓట్లేసినా డాన్స్-ఆఫ్ తప్పదని లైవ్ షో నడుస్తుండగా తెలిసొచ్చింది. డబ్బు పెట్టి ఫోన్ చేసిన వాళ్ళ ఓటు దేనికీ కొరగాకుండా పోయింది. దిక్కుతోచక ముగ్గురినీ ఫైనల్‌కి పంపారు. ఆ టామే గెలిచాడు. అమెరికాలో 2018లో బాబీ బోన్స్ తక్కువ మార్కులతో ట్రోఫీ ఎత్తుకెళ్ళాక, అడుగు రెండు జంటల్లో ఒకరిని జడ్జీలు కాపాడే నియమం అక్కడా వచ్చింది.

ఇవన్నీ సరదా కబుర్లు. 2016 సరదా కాదు.

ఆ ఏడాది స్ట్రిక్ట్‌లీలో ఎలిమినేషన్లో మొదట పోయిన ముగ్గురు మెల్విన్ ఓడూమ్, టమేకా ఎంప్సన్, నాగా మున్‌చెట్టి. ఇద్దరు నల్లజాతివాళ్ళు, ఒకరు భారతీయ, మారిషస్ మూలాలున్న న్యూస్ ప్రెజెంటర్. (ఆమె పూర్తి పేరులో నాగలక్ష్మి ఉంది, ఆ పేరు మనకి పక్కింటి పేరే.) మెల్విన్ విషయంలో డాన్స్-ఆఫ్ కూడా జరగలేదు. పక్కనున్న అనస్టేషియా గాయంతో ఆడలేకపోవడంతో ప్రేక్షకుల ఓటుతోనే ఆయన్ని పంపేశారు. మిగతా ఇద్దరి విషయంలో చివరి మాట జడ్జీలదే అయినా, పోటీ మొదలైన కొద్ది వారాలకే ముగ్గురూ ఆ అంచుకి చేరారు. ఇది జాతి వివక్షా అని బ్రిటన్ పత్రికలు అడిగాయి. జవాబు ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో బీబీసీ బయటపెట్టదు.

అదే సీజన్ డిసెంబర్లో గెలిచింది ఓరె ఒడూబా. నైజీరియా మూలాలున్న నల్లజాతి ప్రెజెంటర్. అంతే, చర్చ మూసేశారు. ఈ తర్కం మనకి కొత్తదా? కోవింద్ రాష్ట్రపతి అయ్యాడు కదా, ఇంకా కులం ఎక్కడుంది అని మా విభాగం మెట్ల మీద ఎన్నిసార్లు వినలేదు? ఒకరు గెలవడం, ముగ్గురు ముందే పోవడం ఒకే ఓటింగ్‌లో జరగొచ్చు. గెలిచినవాడు తన వెనక ఒక అభిమానుల గుంపుని తయారు చేసుకునేదాకా నిలబడ్డాడు. మిగతావాళ్ళకి ఆ సమయమే దొరకలేదు.

బాబాసాహెబ్ 1945లో షెడ్యూల్డ్ కులాల సమాఖ్య వేదిక మీద చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. రాజకీయ మెజారిటీ తయారవుతుంది, చెదిరిపోతుంది, అందులోకి ఎవరైనా రావచ్చు. మతకుల మెజారిటీ పుట్టుకతో వస్తుంది, దాని తలుపు మూసే ఉంటుంది. జాన్ సార్జెంట్‌ని నిలబెట్టింది మొదటి రకం. 2019లో ట్రంప్ మాజీ ప్రతినిధి షాన్ స్పైసర్ కోసం ట్రంప్ స్వయంగా ట్విట్టర్‌లో ఓట్లడిగినప్పుడు పోగైందీ మొదటి రకమే, ఎంత చిరాకు తెప్పించినా సరే. 2016 తొలి వారాల్లో పనిచేసింది రెండో రకమా? అంకెలు చూపిస్తే తేలేది. చూపించరు.

ఇక జడ్జీలు. వాళ్ళు దేవుళ్ళని నేననను. మొదటి నలుగురు జడ్జీలూ తెల్లవాళ్ళే. 2009లో ఆంటన్ డు బెక్ అనే డాన్సర్ తన జోడీ లైలా రువాస్‌ని పట్టుకుని దక్షిణాసియా వాళ్ళని తిట్టే మాట అన్నాడు. ఆమె తల్లి భారతీయురాలు. గాసిప్ పేజీల ద్వారానే అది బయటికొచ్చింది. ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, ఆమె ఒప్పుకుంది. 2021 నుంచి ఆయన ఆ నలుగురు జడ్జీల్లో ఒకడు. అయినా ఆ జడ్జీల దగ్గర ఒక విషయం నాకు నచ్చుతుంది. నంబర్ పలక. ప్రతి జడ్జీ తన అంకెని తన చేత్తో ఎత్తి, తన పేరుతో, ఆడినవాళ్ళ ముందే చూపించాలి. ఎందుకిచ్చాడో చెప్పాలి. పక్క జడ్జీ 8 ఇచ్చినచోట నువ్వు 3 ఇస్తే ఆ తేడా లక్షలమంది కళ్ళముందు ఉంటుంది.

ఇప్పుడు మన పీహెచ్‌డీ ఇంటర్వ్యూ గదిలోకి రండి. 2016లో యూజీసీ నిబంధనలు రాతపరీక్షని ఉత్త అర్హతకి కుదించి, ఎంపికంతా ఇంటర్వ్యూ చేతిలో పెట్టాయి. విద్యార్థులు రోడ్డెక్కాక 2018 సవరణలో 70:30 అయింది. 2022 నిబంధనల్లోనూ ఇంటర్వ్యూకి 30 ఉంది. అదే 2016లో జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ ఆ విశ్వవిద్యాలయం మార్కులనే తిరగేసి, రాతకీ వైవాకీ మధ్య తేడా సామాజిక వర్గాన్ని బట్టి నడుస్తోందని చెప్పింది. వైవా మార్కుల్ని 30 నుంచి 15కి తగ్గించమంది. ఆ మాట చెప్పగలిగింది మార్కులు దాని చేతికొచ్చాయి కాబట్టే. చాలాచోట్ల రావు.

నేను వెళ్ళిన ఒక ఇంటర్వ్యూలో బోర్డులో నలుగురున్నారు, సరిగ్గా స్ట్రిక్ట్‌లీలో ఉన్నంతమంది. రాతలో నాది మొదటి ఐదుగురిలో పేరు. లోపల ఇంటిపేరు అడిగారు, ఊరు అడిగారు, ఏ మీడియంలో చదివావని అడిగారు. మీవాళ్ళంతా అంబేడ్కర్ మీదే ఎందుకు పనిచేస్తారని ఒకాయన నవ్వుతూ అడిగాడు. నా ప్రతిపాదన పేజీ ఎవరూ తిప్పలేదు. 30కి 7 వచ్చింది. ఆ 7లో ఎవరిది ఎంత? సగటా? ఒకరు పదిహేను వేస్తే ఇంకొకరు సున్నా వేశారా? ఆఫీసులో అడిగితే, బోర్డు మొత్తం కలిసి ఇచ్చిన మార్కు అన్నారు. కలిసి ఇచ్చిన మార్కుకి ఏ ఒక్కరూ బాధ్యులు కారు.

రాతపరీక్షకైతే జవాబు పత్రం ఉంటుంది. దాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. మాటల్లో జరిగే పరీక్షకి జవాబు పత్రం ఎక్కడుంటుంది? అందుకే మేము అడిగేవి చిన్న కోరికలు. ప్రతి సభ్యుడి మార్కు విడిగా, ఇంటర్వ్యూ ముగిసిన రోజే రాసి సంతకం చేయాలి. రాత మార్కుకీ ఇంటర్వ్యూ మార్కుకీ మధ్య తేడాని వర్గాలవారీగా ఏటా ప్రచురించాలి. సంభాషణ రికార్డు చేయాలి. 2024లో రిహార్సల్ గదుల్లో డాన్సర్లు దురుసుగా ప్రవర్తించారన్న ఫిర్యాదులొచ్చినప్పుడు బీబీసీ చేసింది కూడా ఇలాంటిదే. ఇకపై ప్రతి రిహార్సల్లో నిర్మాణ బృందం మనిషి ఒకరు కూర్చుంటారంది. మూసిన గదిలో ఇంకొక జత కళ్ళు పెట్టింది.

ఈ కోరికలు విన్న ఒక సీనియర్ ప్రొఫెసర్, పేర్లతో మార్కులు బయటపెడితే సభ్యులు ఇబ్బందిపడతారని, నిజాయితీగా మార్కులు వేయడానికి జంకుతారని అన్నారు. క్రెయిగ్ రెవెల్ హార్వుడ్ స్ట్రిక్ట్‌లీలో 2004 నుంచి జడ్జీ. అందరికంటే తక్కువ మార్కులిచ్చేది ఆయనే. పలక ఎత్తగానే హాలంతా గోల చేస్తుంది. ఆయన 3 ఇవ్వాలనుకుంటే 3 ఇస్తాడు, కాలు ఎక్కడ తప్పు పడిందో చెప్తాడు, వచ్చే శనివారం మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు.