పేదవాడి కూరలో చేప మిగులుతుందా?

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మన గోదావరి జిల్లాల్లో. నిజం చెప్పాలంటే మా హాస్టల్లో పులస రుచి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాకు తెలిసినవి కవళ్ళు, మెత్తళ్ళు, కానాగంతలు, అమ్మ సీసాలో పెట్టి పంపే ఎండు రొయ్యల పొడి. మాలో కొందరి నాన్నలు వేటకు వెళ్తారు. కొందరి అమ్మలు తట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్ముతారు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట వింటున్నాం: "డీజిలు ఖర్చు కూడా రాలేదురా!"

సముద్రంలోనూ పంట ఉంటుంది. కంటికి కనబడని ఆ పంటే ప్లవకాలు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని వృక్ష ప్లవకాలదే. వాటిని తిని జంతు ప్లవకాలు, ఈ రెంటినీ తిని కవళ్ళు, మెత్తళ్ళు బతుకుతాయి. అంటే ప్లవకాలు తగ్గితే ముందు కదిలేది పేదవాడి కూర గిన్నే.

వరికి ఎరువులాగే ప్లవకాలకు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కావాలి. అవి ఎక్కువగా అడుగున ఉన్న చల్లని నీటిలో ఉంటాయి. గాలికి నీరు కలిస్తేనే పైకి వస్తాయి. మన బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, గంగ తెచ్చే మంచినీరు తేలికగా పైన పరుచుకొని ఆ కలయికకు అసలే అడ్డం. పై నీరు వేడెక్కేకొద్దీ ఇంకా తేలికై మూత పెట్టినట్టవుతుంది. భూతాపం వల్ల చేరిన అదనపు వేడిలో 90 శాతం పైగా సముద్రాలే మింగుతున్నాయి. పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2016లో తెలిపారు.

చేపలన్నీ చచ్చిపోతాయని మేము అనడం లేదు. కొన్ని చోటు మారతాయి. ఒకప్పుడు ఎక్కువగా పడమటి తీరంలోనే దొరికిన నూనె కవళ్ళు 1980ల చివరి నుంచి మన తూర్పు తీరంలోనూ పడుతున్నాయి. తప్పంతా ఎండదే అని కూడా అనం. చిన్నకన్ను వలలతో పిల్లచేపల్ని ఊడ్చడం, మడ అడవులు కొట్టి చెరువులు తవ్వడం మన ఇంటి తప్పులే.

కానీ కార్లు, ఏసీలు, ఫ్యాక్టరీలు ఉన్నవాళ్ళు పెంచిన వేడికి మొదట దెబ్బతినేది నాటుపడవ వాడు. చేప దూరం పోతే పెద్ద బోటు వెంటపడుతుంది, నాటుపడవ పోలేదు. ఇది న్యాయమా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో బోటెక్కేవారికే కాక తట్ట మోసే తల్లులకూ ఆసరా ఉండాలి. కోరింగ మడ అడవిలో ఒక్క చెట్టూ పోకూడదు.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడిని, పత్రహరితాన్ని చూసి చేపలుండే చోట్లు చెబుతోంది. అది చదివి నాన్నకు చెప్పగలిగేది మనమే. తమ్ముళ్ళారా, ప్లవకాల పాఠాన్ని రెండు మార్కుల ప్రశ్నగా వదిలేయకండి. ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రశాస్త్రం ఉంది, కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. వేట తెలిసిన ఇంటి పిల్లలు అక్కడికి చేరాలి. పూర్వ విద్యార్థులైన అన్నలు ఆ దారి చూపాలని ఈ వార్షికోత్సవ వేళ కోరుతున్నాం.