మేకప్‌మ్యాన్‌కి స్త్రీలింగం ఏమిటి?

మూడేళ్ళ కిందట సికింద్రాబాద్‌లోని ఒక బస్తీలో, ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న శిక్షణ కేంద్రంలో సర్టిఫికెట్లు ఇవ్వడానికి నన్ను పిలిచారు. కుట్టుపని నేర్చుకున్న వాళ్ళు ఒక పక్క, బ్యూటీషియన్ కోర్సు చేసిన వాళ్ళు ఇంకో పక్క కూర్చున్నారు. మైకు చేతికి రాగానే నాకు బాగా అలవాటైన ఉపన్యాసమే ఇచ్చాను. అందమంటే ఇదీ అని మార్కెట్ ఎలా నిర్ణయిస్తుందో, ఆడపిల్ల తన ముఖాన్ని తానే చిన్నచూపు చూసుకునేలా ఎలా చేస్తుందో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత టీ తాగుతుంటే ఒక అమ్మాయి దగ్గరకొచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"మేడం, మీరు చెప్పింది నిజమే. కానీ నాకొకటి చెప్పండి. షూటింగుల్లో మేకప్ చెయ్యాలంటే యూనియన్ కార్డు ఉండాలంట గదా. ఆడవాళ్ళకి ఇస్తారా? తెలిసిన సార్‌ని అడిగితే హెయిర్‌డ్రెస్సర్‌గా అయితే చూద్దాం, మేకప్ మగవాళ్ళ పని అన్నాడు."

స్త్రీల శ్రమ మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న నాకు జవాబు తెలియదు. "కనుక్కుని చెప్తానమ్మా" అన్నాను. ఆ కనుక్కోవడంలోంచి వచ్చిందే ఈ వ్యాసం.

ముందు మన సంగతి మాట్లాడుకుందాం. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అప్పటికి నేను స్కూలు పిల్లని. కొన్నాళ్ళకి ఆ చర్చలన్నీ చదివే స్త్రీవాదం నేర్చుకున్నాను. 2025 మే నెలలో అవే పోటీలు హైదరాబాద్‌కి వచ్చినప్పుడు మళ్ళీ అవే వాదనలు నేనూ చేశాను. ఆ వాదనల్లో తప్పు లేదు. కానీ ఇన్నేళ్ళూ మనం మేకప్ వేయించుకున్న ముఖం గురించే మాట్లాడాం. వేసే చేతుల గురించి మాట్లాడలేదు. బీడీలు చుట్టే స్త్రీల హక్కుల కోసం పనిచేసినప్పుడు పొగాకు మంచిదా అని ముందు తేల్చుకుని రమ్మని ఎవరూ అడగలేదు. మేకప్ చేసే స్త్రీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె పని పితృస్వామ్యానికి సేవ అని తీర్పు చెప్పి పక్కకి తప్పుకున్నాం.

ఈ పనిని ఎవరు చేస్తే ఏమంటారో గమనించండి. స్థానం నరసింహారావు గారు స్త్రీ వేషం కట్టుకుంటే అది కళ. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ అలంకరణ గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ళ ప్రతిభని తక్కువ చెయ్యాలని కాదు. మగవాడు స్త్రీ ముఖాన్ని తయారుచేస్తే నైపుణ్యమైంది, పెళ్ళింట్లో పక్కింటి పిన్నిగారు పెళ్ళికూతురికి జడ వేసి, బుగ్గన చుక్క పెట్టి సింగారిస్తే అది "ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే విద్య" అయింది. పుట్టుకతో వచ్చిన విద్యకి డబ్బెవరిస్తారు?

ఇందులో కులం కూడా ఉంది. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు గోళ్ళు తీయడానికి ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో మంగలి కులస్తులనే పిలుస్తారు. ఇతరుల ఒంటిని, జుట్టుని ముట్టుకునే పనులన్నీ కొన్ని కులాల మీద పెట్టి, ఆ పనుల్నీ ఆ కులాల్నీ హీనంగా చూసిన సమాజం మనది. ఇవాళ అదే పని ఇంగ్లీషు పేరుతో అద్దాల గదిలోకి వచ్చింది. లక్షలు పోసి కోర్సు చేసిన అమ్మాయి "ఆర్టిస్ట్" అవుతుంది. ఆమె కింద పనిచేసే బస్తీ పిల్ల "పార్లర్ అమ్మాయి"గా మిగిలిపోతుంది. నేను మాట్లాడిన వాళ్ళలో ఇద్దరు, పెళ్ళి సంబంధం మాటల్లో తమ వృత్తి పేరు చెప్పవద్దని ఇంట్లోవాళ్ళు కట్టడి చేశారని చెప్పారు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు. సినిమా రంగంలో ఈ పని మీద మగవాళ్ళ పెత్తనం మాటవరసకి కాదు, కాగితం మీదే ఉండేది. ముంబైలో సినిమా కాస్ట్యూమ్, మేకప్, కేశాలంకరణ పనివారి సంఘం నిబంధనల ప్రకారం స్త్రీలు హెయిర్‌డ్రెస్సర్లుగా ఉండొచ్చు, మేకప్ ఆర్టిస్టులుగా ఉండకూడదు. కాలిఫోర్నియాలో మేకప్ చదువుకుని వచ్చిన చారు ఖురానా సభ్యత్వం అడిగితే 2009లో కాదన్నారు. ఆడవాళ్ళని చేర్చుకుంటే మగవాళ్ళ ఉపాధి పోతుందని సంఘం వాదన. ఆమె, మరికొందరు స్త్రీలు కలిసి 2013లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2014 నవంబరు 10న న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, యు.యు. లలిత్ తీర్పు చెప్పారు. స్త్రీలని అడ్డుకునే నిబంధనని, మహారాష్ట్రలో ఐదేళ్ళు నివాసం ఉండాలన్న నిబంధనని కొట్టేశారు. ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టరైన సంఘం రాజ్యాంగానికి విరుద్ధంగా నియమాలు పెట్టుకోడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారాంశం.

2014 అన్న సంవత్సరాన్ని మరోసారి చూడండి. స్త్రీలు విమానాలు నడుపుతున్న, బ్యాంకులకి అధిపతులుగా ఉన్న రోజుల్లో, ఇంకొక స్త్రీ ముఖానికి రంగు వేసే హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. దీనికి "సంప్రదాయం" అని పేరు పెట్టారు గాని అసలు కారణం డబ్బు. సినిమాలో మేకప్ అంటే తారల పక్కనుండే స్థానం. కాల్షీట్లు వరసగా దొరికే పని. పేరు తెర మీద పడే పని. సినిమా టైటిల్స్‌లో "మేకప్" అన్న మాట పక్కన చిన్నప్పటినుంచీ నేను చూసింది మగపేర్లే. ఆ ఉద్యోగాన్ని మనం పిలిచే పేరే మేకప్‌మ్యాన్. దానికి స్త్రీలింగం మన నోటికి రాదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి "ఇవ్వాలమ్మా, ఆడవాళ్ళన్న కారణంతో కార్డు కాదనడానికి వీల్లేదు, సుప్రీంకోర్టు చెప్పింది" అన్నాను. ఒక నిమిషం ఆగి "కార్డు సరే మేడం, పని ఎవరిస్తారు?" అంది.

న్యాయమైన ప్రశ్న. తీర్పు తలుపు తీసింది. లోపల నిలబడాలంటే ఏం కావాలో ఈ మూడేళ్ళలో ఆమె వెనకాల, ఆమెలాంటి మరికొందరి వెనకాల తిరిగి తెలుసుకున్నాను. మొదట పెట్టె కావాలి. ఫౌండేషన్లు ఒక రంగువి సరిపోవు, అన్ని చర్మపు రంగులకీ ఉండాలి. బ్రష్‌లు ప్రతి మనిషికీ కడగాలి. గడువు తీరినవి పారెయ్యాలి, లేకపోతే ఎదుటి మనిషి ముఖం కందిపోతుంది, పేరూ పోతుంది. కుట్టుమిషన్‌కి, గేదెకి అప్పిచ్చే పొదుపు సంఘం మేకప్ పెట్టెకి అప్పివ్వడానికి వెనకాడింది. "అది సోకు సామాను గదా" అన్నారట. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. క్షౌర వృత్తి, దర్జీ పని ఉన్నాయి. పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తారు. ఆ 18లో బ్యూటీషియన్ లేదు.

తర్వాత అనుభవం. అనుభవం కావాలంటే పెద్ద ఆర్టిస్టు దగ్గర అసిస్టెంటుగా చేరాలి. ఆమె మొదటి ఎనిమిది నెలలూ జీతం లేకుండా చేసింది, ఆటో ఖర్చు కూడా తనదే. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున అయితే అర్ధరాత్రే బయలుదేరాలి. "రాత్రిపూట ఎక్కడికి" అని ఇంట్లో అడుగుతారు. పెళ్ళింట్లో ఆమె తినడానికి ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. పని అయ్యాక "పిల్ల నల్లగానే ఉంది" అని మాట్లాడుకున్న డబ్బులో కోత పెడతారు. రాతకోతలు లేవు, అడ్వాన్సు లేదు. యాప్‌ల ద్వారా ఇళ్ళకి వెళ్ళి పనిచేసే బ్యూటీషియన్లకి ఆ స్వేచ్ఛ కూడా లేదు. కమీషన్ల కోత భరించలేక 2021 అక్టోబరులో గుర్‌గావ్‌లో వాళ్ళు రోడ్డెక్కారు. మన సంఘాల్లో ఎన్ని ఆ వార్తని పట్టించుకున్నాయి?

లైంగిక వేధింపుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టులో బయటికొచ్చిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక మలయాళ సినిమా సెట్లలో స్త్రీలకి మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే చోటు కూడా లేని స్థితిని చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2019లో తెలుగు సినీరంగం మీద ఒక కమిటీ వేసింది. కేరళ నివేదిక వచ్చాక, ఇక్కడి నివేదికనీ బయటపెట్టమని తెలుగు సినీరంగంలోని స్త్రీలే అడగాల్సి వచ్చింది. పెళ్ళిళ్ళకి వెళ్ళే మేకప్ ఆర్టిస్టులకి తెలియాల్సింది ఇంకొకటుంది. 2013 చట్టం ప్రకారం ఇల్లు కూడా పనిస్థలమే. పదిమంది కన్నా తక్కువమంది పనిచేసే చోట జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చెయ్యొచ్చు. నేను చూసిన ఏ బ్యూటీషియన్ కోర్సులోనూ ఈ ముక్క చెప్పడం లేదు. కనుబొమలు తీయడం నేర్పుతున్నాం, కమిటీ ఎక్కడుందో నేర్పడం లేదు.

"మరి తెల్లబరిచే వ్యాపారానికి మనం మద్దతివ్వాలా?" అని మిత్రులు అడుగుతారు. నేనూ అడిగాను, ఆ అమ్మాయినే. ఆమె చెప్పింది ఇది. "పెళ్ళికూతురి తల్లి రెండు షేడ్లు తెలుపు చెయ్యమంటుంది మేడం. నేను మెడ పక్కన పెట్టి చూపిస్తాను, ముఖం ఒక రంగు మెడ ఒక రంగు ఉంటే ఫోటోలో బాగోదండీ అంటాను. కొందరు వింటారు. విననివాళ్ళకి చేస్తాను, అద్దె కట్టాలి గదా." 1975లో పుట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది గాని మన ఇళ్ళల్లో ఆ ఆశ మారలేదు. ఆ ఆశతో రోజూ ముఖాముఖీ తలపడుతున్నది ఈ అమ్మాయి. వేదిక మీద మాట్లాడి ఇంటికెళ్ళిపోయిన నాకంటే ఆమె చేతిలోనే ఎక్కువ ఉంది. అయితే కాదనగలిగే శక్తి ఆమెకి రావాలంటే ముందు ఆమె అద్దె భయం తీరాలి.

అందుకని నా ప్రతిపాదనలు ఇవి. శిక్షణ కేంద్రాలు నడిపే సంస్థలు బ్యూటీషియన్ కోర్సుని ఎత్తెయ్యనూ వద్దు, ఇప్పుడున్నట్టు ఉంచనూ వద్దు. రేటు మాట్లాడుకోవడం, అడ్వాన్సు తీసుకోవడం, కాగితం రాయించుకోవడం, 2013 చట్టం, 2014 తీర్పు అందులో పాఠాలు కావాలి. సినీ కార్మికులకి రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981 చట్టమే చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో దాన్ని కలిపేసినా ఒప్పందం ఉండాలన్న నియమం పోలేదు. అది అమలవుతోందా అని మనం అడగాలి. పొదుపు సంఘాలు మేకప్ పెట్టెని పనిముట్టుగా గుర్తించి అప్పివ్వాలి. మన ఊళ్ళలోని సినీ, టీవీ, నాటక సంఘాల్లో ఎంతమంది స్త్రీలకి మేకప్ ఆర్టిస్టులుగా కార్డులున్నాయో లెక్క అడిగి, ఈ పత్రికలోనే అచ్చువేద్దాం.

ఆ అమ్మాయికి ఇంకా కార్డు రాలేదు. సభ్యత్వ రుసుము కూడబెడుతోంది. పోయిన నెల ఒక టీవీ సీరియల్లో పది రోజులు హెయిర్‌డ్రెస్సర్ పేరుతో వెళ్ళి ముగ్గురికి మేకప్ కూడా తనే చేసిందట. బేటా మాత్రం హెయిర్‌డ్రెస్సర్‌కిచ్చేదే ఇచ్చారు. కాగితం లేదు కాబట్టి అడగలేకపోయింది. ఈసారి వెళ్ళేటప్పుడు కాగితం అడగమన్నాను. "నేనొక్కదాన్నే అడిగితే రేపట్నించి రావద్దంటారు మేడం, నలుగురం అడగాలి" అంది. ఆ నలుగురు ఎక్కడున్నారో వెతకడం మన పని. మీ ప్రాంతంలో తెలిసినవాళ్ళుంటే రాయండి.